రాతికి బెజ్జం వేసే ఉలి: మన పెద్దలదీ, కొండలెక్కేవారిదీ ఒకే పని

ఈసారి కొంచెం పొడుగుగా రాస్తున్నాము, ఓపికగా చదవండి.

అమెరికాలో యోసెమిటీ లోయలో ఎల్ కాపిటన్ అని నిలువు గ్రానైట్ కొండ ఉంది, 3,000 అడుగుల ఎత్తు. 1958 నవంబరులో వారెన్ హార్డింగ్, ఇంకో ఇద్దరు 'నోస్' దారిలో మొదటిసారి దాని పైకి చేరారు. ఆఖరి రాత్రి హార్డింగ్ తాడుకు వేలాడుతూ 28 బెజ్జాలు చేత్తోనే వేసి, బోల్టులు దిగ్గొట్టుకుంటూ తెల్లవారేసరికి పైకెక్కాడు. చేతిలో సుత్తి, ఉలి. అంతే.

అది చదివితే మాకు మన వడ్డె పెద్దలే కనబడ్డారు. తమిళనాట ఒడ్డర్, బోయర్ అన్నా, కన్నడ సీమలో భోవి అన్నా మనమే. బావులు, చెరువు కట్టలు, రాతి పని, తర్వాత రైలు దారులు.

పని కూడా అదే. దెబ్బకొకసారి ఉలిని కొంచెం తిప్పాలి. తిప్పకపోతే అంచు ఒకే గాడిలో ఇరుక్కుంటుంది, బెజ్జం గుండ్రంగా రాదు. పొడి తీస్తూ ఉండాలి. కొండెక్కేవారు గొట్టంతో ఊదుతారు. కిందికి వేసే బెజ్జమైతే నీళ్ళు పోసి బురద తోడాలి. ఒంటి చేత్తో కొట్టేవారికి సుత్తి బరువెక్కువైతే మణికట్టు పోతుంది.

అసలు సంగతి పదును. మొద్దుబారిన ఉలి రాతిని పగలగొట్టదు, నూరుతుంది. పక్కలు అరిగితే బెజ్జం సన్నబడుతుంది, బోల్టు దిగదు. బెజ్జం వదులైతే బోల్టు పట్టదు, దానికే మనిషి వేలాడాలి. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచు అరగదీయాలి, లేకపోతే ఇనుప తునక ఎగిరి కంట్లో పడుతుంది.

పాత ఉలిని కొలిమిలో ఎర్రగా కాల్చి, కొట్టి, మొన మట్టుకు నీళ్ళలో ముంచేవారు. ఎక్కువ గట్టిపడితే విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. ఇనుము రంగు చూసి తేల్చాలి. 1926లో జర్మనీ క్రుప్ కంపెనీ 'విడియా' తెచ్చింది. వజ్రంలాంటిది అని ఆ పేరుకి అర్థం. మన హార్డ్‌వేర్ కొట్లలో 'విడియా బిట్' అనేది అదే. ఇప్పటి చేతి డ్రిల్లు మొన కూడా ఆ రకమే. దాన్ని కొలిమిలో పెట్టకూడదు, వజ్రపు రాయి మీద మెల్లగా అరగదీయాలి.

1970లో చెజారే మేస్త్రి (పేరు చూడండి!) అనే ఇటలీ ఆయన పెట్రోలు కంప్రెసర్‌తో పటగోనియాలో సెర్రో టోర్రే కొండకు వందల బోల్టులు వేసి, కంప్రెసర్‌ని అక్కడే వదిలేశాడు. కొండెక్కేవారు ఇప్పటికీ తిడతారు. చేతి పనికి వాళ్ళలో ఉన్న గౌరవం అది. ఇక్కడ 'రాళ్ళు కొట్టేవాళ్ళు' అంటే మన పిల్లలు తల దించుకుంటున్నారు. మేము రైల్వేలో గుమాస్తాగా చూసిన లెక్కల్లో ఎన్ని ఘనపుటడుగుల రాయి తీశారో ఉండేది, ఉలికి పదును పెట్టిందెవరో ఉండేది కాదు.

మీ ఇంట్లో పాత ఉలి, సమ్మెట ఉంటే పాత ఇనుముకి వేయకండి. ఫోటో తీసి, పెద్దలు దాన్ని ఏ పేరుతో పిలిచేవారో రాసి పెట్టండి. మేము చదివింది తమిళ మీడియం, మా ఇంట్లో తమిళ పేర్లే మిగిలాయి.