రెండు గంటల కొకసారి

వెన్నెముక విరిగి, అందలి వెన్నుపాము తెగినవానికి వైద్యము లేదని లోకము చిరకాలము నమ్మెను. ఈజిప్టు దేశమున సుమారు 3,600 ఏండ్ల క్రిందట వ్రాయబడిన శస్త్రవైద్య గ్రంథ మొకటి ఎడ్విన్ స్మిత్ పేర నేడు ప్రసిద్ధమై యున్నది. మెడపూస తప్పి కాలుసేతులు పడిపోయిన రోగిని చక్కగా వర్ణించి, ఇది చికిత్స చేయదగిన వ్యాధి కాదని అందు తేల్చిరి. మొదటి ప్రపంచయుద్ధము నాటికిని ఈ తీర్పు మారలేదు. అట్టి సైనికులలో పెక్కుమంది కొలది వారములలోనే మరణించిరి.

అయితే వారిని చంపినది చాలవరకు వెన్నుదెబ్బ కాదు. స్పర్శ లేని దేహము ఒకే వైపున ఒరగియుండుటచే, నొక్కుడుపడిన చోట నెత్తు రాడక పుండ్లు పడును. మూత్రాశయము స్వాధీనమున లేకపోవుటచే అచట చీము పట్టి, ఆ విషము మూత్రపిండముల కెక్కును. మంచము పట్టిన పెద్దలకు సేవచేసిన శ్రోతలకు ఈ పుండ్ల సంగతి నేను చెప్ప నక్కరలేదు.

ఈ మరణములు తప్పింప వీలైనవే యని 1936 నుండి బోస్టను నగరమున డోనాల్డ్ మన్రో చూపుచుండెను. దానిని సంపూర్ణమైన పద్ధతిగా తీర్చినవాడు లూడ్విగ్ గట్‌మన్. ఆయన 1899లో జర్మనీలోని సైలీషియాలో పుట్టిన యూదుడు. బ్రెస్లావులో నరముల వైద్యుడుగా పేరు గాంచెను. నాజీల దౌర్జన్యమునకు 1933లో ఉద్యోగము పోయెను. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరెను. స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ఆయన అధ్యక్షతన 1944 ఫిబ్రవరి 1వ తేదీన వెన్నుపాము విభాగము తెరువబడెను.

ఆయన మొదట చేసిన పని మిక్కిలి సామాన్యమైనది. రోగులను బంధించిన ప్లాస్టరు కట్లను విప్పించి, పగలనక రేయనక రెండు గంటల కొకసారి ప్రక్క మార్పించెను. ఆ పని జరుగుచున్నదో లేదో చూచుటకు నడిరేయి తానే వచ్చెడివాడట! పుండ్లు మానిన పిమ్మట అంగసాధన. దెబ్బకు పైనున్న కండరములకు బలము కూర్చి, కూర్చుండుట, తూగక నిలుచుట, మంచము నుండి చక్రముల కుర్చీకి తానై మారుట నేర్పెను. వడ్రంగము, గడియారముల మరమ్మత్తు మొదలగు పనులు పెట్టించెను. బాణము వేయుటచే భుజములు, వీపు గట్టిపడును. పైగా కూర్చున్నవాడు నిలిచినవానితో సమానముగా పోటీపడగలడు. లండనులో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైన 1948 జూలై 29ననే, ఆసుపత్రి పచ్చికలో 16 మంది విల్లు పట్టిరి. 1952లో డచ్చివారు వచ్చి చేరిరి. 1960లో రోము నగరమున 23 దేశములనుండి 400 మంది పాల్గొనిరి. లోకము ఆ క్రీడలనే తలచుకొనును గాని, రాత్రివేళ దీపము పట్టుకొని రోగి ప్రక్క మార్చిన నర్సులే లేకున్న ఆ క్రీడాకారులే లేరు.

మన చిత్తూరు సరిహద్దునకు సమీపముననున్న వేలూరులో ఈ విద్యను నాటినది మేరీ వర్గీసు. యువవైద్యురాలై యుండగా 1954లో కారు ప్రమాదమున ఆమె కాళ్లు చచ్చుబడెను. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. పర్తు నగరమున తానే రోగియై శిక్షణ పొంది, పిమ్మట న్యూయార్కులో హవర్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యము నభ్యసించి మరలివచ్చెను. ఆమె కృషిచే 1966లో వేలూరున పునరావాస కేంద్రము వెలసెను. అచట చేరిన రోగికి వైద్యురాలు తనవలెనే చక్రముల కుర్చీలో ఎదురయ్యెడిది.