చెన్నపట్నము చూచిన చుక్క

చెన్నపట్నములో, నుంగంబాకమున నేటి వాతావరణ కేంద్రపు ఆవరణలో ఒక రాతిస్తంభము ఉన్నది. 1792లో వెలసిన మద్రాసు నక్షత్రశాలలో యంత్రమును మోసిన స్తంభమది. దానిమీద తెలుగు అక్షరములు కూడ చెక్కి ఉన్నవి. ఈ నగరమున తరతరాలుగా కాపురమున్న తెలుగువారము మనము. ఆ నక్షత్రశాల ముచ్చట ఒకటి ఈ ఉగాదినాడు చెప్పుకొందము.

1861 ఏప్రిల్ 17న అచటి అధికారి నార్మన్ పోగ్సన్ ఒక కొత్త లఘుగ్రహమును కనుగొన్నాడు. ఆసియా ఖండమునుండి కనుగొన్న మొదటిది గనుక దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టినాడు. అటుపై సాఫో, సిల్వియా, కమిల్లా, వెరా అను మరి నాలుగింటిని ఇక్కడినుండే పట్టుకొన్నాడు.

లఘుగ్రహములలో చాలవరకు అంగారకునికి, గురునికి నడుమ సూర్యుని చుట్టు తిరుగుచుండును. వానిలో మొదట కనబడినది సెరిస్. ఇటలీలోని పలెర్మోలో పియాజీ దానిని 1801 జనవరి 1న, ఆంగ్ల సంవత్సరాదినాడే, చూచినాడు. దుర్భిణిలో చుక్కలుగా తప్ప కనబడవు గనుక, 1802లో హెర్షెల్ వీనికి ‘నక్షత్రమువంటివి’ అను అర్థమిచ్చు పేరు పెట్టినాడు. పోగ్సన్ చూచినదియు చుక్కనే. అది ఎట్టి రూపమున ఉండునో ఆనాడు ఎవరును చెప్పలేకపోయిరి.

1991లో గెలీలియో నౌక గాస్ప్రా ప్రక్కగా పోవుచు మొదటిసారి దగ్గరనుండి ఫోటోలు తీసినది. 1993లో ఈడాను దాటగా, దాని చుట్టు ఒక బుల్లి చంద్రుడు తిరుగుచున్నట్లు ఆ ఫోటోలలో బయటపడినది. 2001లో నియర్ షూమేకర్ నౌక ఎరాస్ మీద దిగినది. 2005లో జపానువారి హయబూసా ఇటొకావాను చేరినది. అది ఒకే బండ కాదనియు, రాళ్లు, కంకర కూడుకొన్న గుట్టయనియు, లోపల నూటికి 40 వంతులు ఖాళీయనియు తేలినది.

2020 అక్టోబరులో అమెరికా నౌక ఒసైరిస్-రెక్స్ బెన్నుపై చేయి మోపినది. గట్టినేల తగులునని తలచినచోట, ఆ చేయి వడ్లరాశిలో దిగినట్లు సుమారు అరమీటరు దిగబడినది. 2023 సెప్టెంబరు 24న అది పంపిన 121.6 గ్రాముల మట్టి భూమికి చేరినది. జీవులు మాంసకృత్తులు కట్టుకొనుటకు వాడు 20 అమైనో ఆమ్లములలో 14 అందులో ఉన్నవని 2025లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అక్కడ జీవమున్నదని దీని అర్థము కాదు. వంట లేదు గాని, వంటకు కావలసిన సంబారములు ఉన్నవి.

ఇది వింతకు మాత్రమే తెలిసికొనవలసిన సంగతి కాదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి గాలిలో ప్రేలగా, వెయ్యిమందికి పైగా గాయపడినారు. అట్టివానిని దారి మళ్లింపగలమా? 2022 సెప్టెంబరు 26న డార్ట్ నౌకను కావలెననియే డైమార్ఫాస్‌పై ఢీకొట్టించినారు. దాని ప్రదక్షిణ కాలము అరగంటకు పైగా తగ్గినది. నౌక తాకిడికంటె, చెదరి ఎగిరిన రాళ్ల ఎదురుత్రోపే ఎక్కువ పని చేసినది. బండను నెట్టు లెక్క వేరు, గుట్టను నెట్టు లెక్క వేరు. మనవైపు వచ్చునది ఏదియో ముందుగా తెలియవలెనన్న, చెంతకు పోయి చూడక తప్పదు.

పోగ్సన్ కనుగొన్న ఆసియా చెంతకు నేటివరకు ఏ నౌకయు పోలేదు. మన ఊరు లోకమునకు చూపిన ఆ చుక్క ఇంకను చుక్కయే. దాని నిజరూపము చూచువారిలో మన పిల్లలును ఉండవలెనని కోరుకొందము.