చెంచు పెంటలో దొర డేరా

1940 తొలినాళ్లు. మహబూబ్‌నగర్ జిల్లా, అమ్రాబాద్ గుట్టల మీది నల్లమల. ఆకు రాలే కాలం. చెంచు గిరిజనుల పెంట (చిన్న గూడెం) పక్కన కొత్తగా ఒక డేరా లేచింది. తడికల గోడలు, గడ్డి కప్పుల గుండ్రటి గుడిసెల్లోంచి పిల్లలు తొంగిచూస్తున్నారు. పెద్దవాళ్ల ముఖాల్లో బెరుకు. డేరా పడిందంటే దొరలు వేటకో తనిఖీకో వచ్చినట్టే. కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి, జంతువుల జాడ చూపించాలి.

ఈ దొర వచ్చిన పని వేరు. పేరు హైమండార్ఫ్, వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో చేతికి జర్మన్ పాస్‌పోర్టు వచ్చింది. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడైపోయాడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి వీల్లేదు. లోపల తిరగడానికి మాత్రం నిజాం సర్కారు ఒప్పుకుంది. ఆయన అడవిబాట పట్టాడు. వెంట భార్య బెట్టీ.

తెల్లారితే ఆడవాళ్లు ఇనుప మొన బిగించిన తవ్వుకోలలతో గడ్డలకు బయల్దేరేవారు. తీగ ఎండిపోయినా దాని మొదలు వాళ్ల కంటికి చిక్కేది. అక్కడే చతికిలబడి, కోలతో పొడుస్తూ, చేత్తో మట్టి తోడుతూ పోతే గడ్డ బయటపడేది. మగవాళ్లు గారెల మైసమ్మకు మొక్కి విల్లంబులు పట్టేవారు. తేనె కోసం తాళ్లకు వేలాడుతూ కొండచరియలు దిగేవారు. వచ్చిన దొర ఇవన్నీ చూసి రాసుకున్నాడు.

ఆ రాతలు వట్టిపోలేదు. ఆయన సిఫారసు మీద 1942లో నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం కేటాయించింది. మరుసటేడు చెంచుల మీద ఆయన పుస్తకం అచ్చయింది.

ఆ అడవి ఇప్పుడు నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన్ననూరులో అటవీశాఖ 2021లో ‘టైగర్ స్టే’ మొదలుపెట్టాక అడవి అంచున రాత్రి గడపడం మనకూ అందుబాటులోకి వచ్చింది. రాత్రి బస, తెల్లారి సఫారీ. గైడ్లుగా వచ్చేది చెంచు యువకులే. మరోపక్క, లోపలి పెంటలను అడవి బయటికి తరలించే మాటలు ఏళ్లుగా నడుస్తూనే ఉన్నాయి.

వెళ్లినవాళ్లు పులి కనిపించలేదని పైసలు దండగయ్యాయనుకోకండి. పక్కనున్న చెంచు తమ్ముణ్ని నాలుగు మాటలు అడగండి. ఈ అడవి గురించి అతనికి తెలిసినంత ఏ బోర్డు మీదా రాసి ఉండదు.