వేరుశనగ నూనెతో నడిచిన ఇంజను

1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో, చూచినవారిలో చాల కొద్దిమందికి మాత్రమే తెలిసిన వింత ఒకటి జరిగినది. ఒటో కంపెనీవారు అక్కడ ఉంచిన చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచినది. ఖనిజ తైలం కొరకు చేసిన ఇంజనే అది. అందులో ఏ మార్పూ చేయలేదు. అయినా అది ఎంత సాఫీగా తిరిగినదంటే, లోపల కాలుతున్నది వంటనూనె అని ఎవరికీ తోచలేదు. ఈ సంగతి రుడాల్ఫ్ డీజిలే 1912లో లండనులో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఎదుట చదివిన వ్యాసంలో చెప్పినాడు.

దీనిని బట్టి, డీజిల్ తన ఇంజనును వేరుశనగ నూనె కొరకే నిర్మించినాడనే మాట తరువాత లోకంలో వ్యాపించినది. పుస్తకాలలోకి కూడ ఎక్కినది. అది నిజం కాదు. మ్యూనిక్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు, ఆవిరియంత్రం తనకిచ్చిన వేడిలో పదింట తొమ్మిది పాళ్లు వృథా చేస్తున్నదని ఆచార్య లిండే పాఠంలో విని, ఆ నష్టాన్ని తగ్గించాలని అతడు సంకల్పించినాడు. మొదట అతని మనసులో ఉన్న ఇంధనం బొగ్గుపొడి. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ కార్ఖానాలో తొలి పరీక్షకు వాడినది పెట్రోలు. ఆ పేలుడుకు ఇంజనుపై అమర్చిన కొలత సాధనం బద్దలైనది. 1897లో 26 శాతం వేడిని పనిగా మార్చి ఇంజనీర్లను ఆశ్చర్యపరచిన ఇంజను కిరసనాయిలుతో నడిచినది. వేరుశనగ ఆలోచన అతనిది కాదు, ఫ్రెంచి ప్రభుత్వానిది. ఆఫ్రికాలోని తమ వలసలలో వేరుశనగ విస్తారంగా పండుతున్నది. బొగ్గును, చమురును ఓడలలో తీసుకొనిపోనక్కరలేకుండ అక్కడి పంటతోనే అక్కడి యంత్రాలు నడపవచ్చునా అని వారు పరీక్షింప జూచినారు. డీజిల్ ఆ తరువాత తానుగా పరీక్షలు చేసి, ఈ నూనెలు ఇప్పుడు స్వల్పంగా కనిపించినా ముందు కాలంలో పెట్రోలియమంత ముఖ్యం కావచ్చునని అభిప్రాయపడినాడు.

ఇంతకూ ఏ మార్పూ లేకుండ ఆ ఇంజను వంటనూనెతో ఎట్లా నడిచినది? సైకిలు పంపుతో గాలి కొట్టిన ప్రతి విద్యార్థికీ పంపు అడుగుభాగం వేడెక్కుట తెలుసు. డీజిల్ ఇంజనులో గాలిని ఇంకను ఎక్కువగా, అది ఉన్న చోటులో పదునైదు ఇరువదోవంతుకు అణచివేస్తారు. ఆ గాలి ఎంత వేడెక్కుతుందంటే, అందులోనికి చిమ్మిన నూనె నిప్పురవ్వ లేకుండనే అంటుకొంటుంది. కావున మండగల ద్రవమేదైనను అక్కడ కొంతవరకు పనికి వస్తుంది. వేరుశనగ నూనె ఒక కిలోకు డీజిలు కంటె పదోవంతు మాత్రమే తక్కువ వేడినిస్తుంది. కాలుట విషయంలో చిక్కు లేదు.

చిక్కంతా చిక్కదనంలో ఉన్నది. 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద డీజిలు కంటె వంటనూనెల స్నిగ్ధత సుమారు పదిరెట్లు. ఇంజనులో నూనె వెంట్రుకవంటి సన్నని రంధ్రాల గుండా పొగమంచువలె చిమ్మబడాలి. చిక్కని నూనె మంచుగా కాక పెద్ద బిందువులుగా పడుతుంది. పెద్ద బిందువు పూర్తిగా కాలదు. మిగిలినది బొగ్గై రంధ్రాల నోట పేరుకొంటుంది, పిస్టను రింగులను పట్టివేస్తుంది. కాలని నూనె కొంత కిందికి జారి కందెన నూనెలో కలిసి దానిని జిగురు చేస్తుంది. ఎన్నాళ్లుగానో వాడిన బాణలి అంచున గోకినా ఊడని గట్టి పొర ఉంటుంది చూడండి. నూనె వేడికి గాలి తగిలి అణువులు ఒకదానికొకటి అల్లుకొనగా ఏర్పడిన పొర అది. ఇంజనులో జరిగేదీ అదే. ప్రదర్శనలో కొన్ని గంటలు నడిచిన ఇంజనులో ఈ దోషం కనబడదు. వందల గంటలు నడిచిన మీదటనే బయటపడుతుంది. 1900 నాటి విజయాన్ని చూచి తొందరపడినవారు మరచినది ఇదే.

దీనికి మందు 1937లో బెల్జియంలో దొరికినది. అక్కడివారికి కాంగో వలసనుండి పామాయిలు వచ్చేది. బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ ఆ ఏడు ఆగస్టు 31న ఒక పేటెంటు పొందినాడు. నూనె అణువు అనగా ఒక గ్లిసరిన్ వెన్నుకు మూడు కొవ్వు ఆమ్లాల తోకలు తగిలించినట్టిది. షవాన్ ఆ తోకలను గ్లిసరిన్ నుండి విడదీసి ఆల్కహాలుకు కట్టినాడు. ఒక పెద్ద అణువు మూడు చిన్న ఎస్టరు అణువులైనది. చిక్కదనం దాదాపు డీజిలంతకు దిగినది. సబ్బు వండేవారు అదే గ్లిసరిన్‌ను క్షారంతో విడదీస్తూ రావడం ఎంతో పాత విద్య. దాని పొరుగు విద్యే ఇది. 1938 వేసవిలో బ్రస్సెల్స్, లూవెన్ పట్టణాల మధ్య ప్రయాణికుల బస్సు ఒకటి ఈ ఇంధనంతో తిరిగినది. నేడు బయోడీజిల్ అని పిలిచేది దీనినే. ఐతే ఇప్పుడు ఇథైల్ ఆల్కహాలుకు బదులు చౌకగా దొరికే మిథైల్ ఆల్కహాలు ఎక్కువగా వాడుతున్నారు.

ఇంత చక్కని ఉపాయం ఎందుకు మరుగున పడినది? రెండవ ప్రపంచ యుద్ధంలో చమురు కరవైనప్పుడు చైనాలోను, బ్రెజిల్‌లోను నూనెలవైపు తిరిగినారు. భారతదేశంలో పది రకాల నూనెలను ఇంజన్ల కొరకు పరీక్షించినారు. యుద్ధం ముగిసి డీజిలు చౌకగా దొరకగానే ఆ పని ఆగిపోయినది. 1973లో చమురు ధర పెరిగిన మీదట మళ్లీ కదలిక వచ్చినది. దక్షిణాఫ్రికాలో పొద్దుతిరుగుడు నూనెతో ట్రాక్టర్లు నడిపి చూచినవారు పాత బొగ్గుచిక్కునే ఎదుర్కొని, మళ్లీ ఎస్టరు దారికే వచ్చినారు. సుమారు నలువది ఏండ్ల కిందటి పని చేతిలో ఉంటే ఆ శ్రమ కొంత తప్పేది.

కార్లలో నేరుగా నూనె పోసేవారు మరొక మార్గం పట్టినారు. ఇంజను వేడినీటితో నూనెను 70, 80 డిగ్రీలకు కాచి పలుచన చేయడం. మొదలుపెట్టేటప్పుడు, ఆపబోయేముందు వేరొక తొట్టెలోని డీజిలు వాడడం. జర్మన్ ఇంజనీరు లుడ్విగ్ ఎల్స్‌బెట్ ఏకంగా నూనెకు తగిన ఇంజనునే రూపొందించినాడు. పాతకాలపు ముతక ఇంజన్లు ఈ పద్ధతిని సహించినాయి గాని, అత్యధిక పీడనంతో నూనె చిమ్మే నేటి కారు ఇంజన్లకు ఇది క్షేమం కాదు.

తినే నూనెను కాల్చితే వంటింటికి ఏమి మిగులుతుందనే ప్రశ్న ఇండియాలో వెంటనే వస్తుంది. వంటనూనెలో చాల భాగం దిగుమతి చేసుకొనే దేశానికి అది తేలిక ప్రశ్న కాదు. అందుచేత చూపు తినరాని గింజలపై పడినది. నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు పల్లెలో మహిళా సంఘాలవారు గానుగ పెట్టి కానుగ గింజల నూనె తీసినారు. డీజిలుకు బదులు ఆ నూనె వాడుట వలన తప్పే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించినది. అదే కాలంలో దేశమంతటా అడవి ఆముదంపై పెద్ద ఆశలు పెట్టుకొన్నారు. మెట్టభూములలో నీరు లేకుండ అది అనుకొన్నంత కాయలేదు.

2018లో ప్రకటించిన జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిలులో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టినది. అదే ఏడు హోటళ్లలో కాగి పాడైన నూనెను సేకరించి ఈ పనికి మళ్లించే ప్రయత్నం మొదలైనది. ఇక్కడ రసాయన శాస్త్రం మరొక మెలిక పెట్టినది. పదేపదే కాగిన నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. మామూలు పద్ధతిలో దానికి కాస్టిక్ సోడా చేర్చితే ఎస్టరుతోపాటు సబ్బు తయారై అంతా నురగగా కలగలిసిపోతుంది. కావున ముందు ఆమ్లం సాయంతో ఆ విడి కొవ్వు ఆమ్లాలనే ఎస్టరుగా మార్చి, పిమ్మట సోడా వేస్తారు.