మూడో తరగతి పెట్టె: నిజాం రైలుమార్గంలో నిలవని చరిత్ర

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో వేసిన బ్రాడ్‌గేజి మార్గం, పెట్టుబడిపై నిర్ణీత వడ్డీకి సర్కారే పూచీపడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతికి వచ్చిన తరువాత, 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. ఈ దారి నేతగాళ్ల ఊరైన పోచంపల్లిని తాకకుండా, ఊరికి ఉత్తరాన బీబీనగర్, భువనగిరి స్టేషన్ల మీదుగా సాగిపోయింది. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య పట్టాలు కలవడంతో చీరాల, భువనగిరి ఒకే గేజి మార్గంలోకి వచ్చాయి. నూలును నేతకు ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచే చిటికి పని, ఆముదం, బూడిద నీళ్లతో నూలును పదును చేసే తేలియా రుమాళ్ల విద్య, చీరాల నుంచి పోచంపల్లికి 1915 ప్రాంతంలో వచ్చాయంటారు. అప్పటికి చీరాల నుంచి పోచంపల్లి దగ్గరి భువనగిరి దాకా రైలు నడుస్తూనే ఉంది.

ఆ మార్గంలో తిరిగిన ఆ కాలపు రైలుపెట్టె నిర్మాణంలో ఇనుము, కర్ర పాలు పంచుకున్నాయి. బరువును మోసే అడుగు చట్రం, చక్రాలు, బఫర్లు లోహంతో చేసినవి కాగా, పై గూడు టేకు స్తంభాలపై పలకలు బిగించినది. కప్పు మీద కాన్వాసు గుడ్డ పరచి, నీరు దిగకుండా దట్టంగా రంగు పూసేవారు. ఇటువంటి పెట్టెల మరమ్మతు కూడా చేసేందుకు 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. కాన్వాసు చిట్లిన చోట నీరు స్తంభాల వెంట దిగి, అడుగు చట్రాన్ని ఆనుకున్న మొదళ్లను కుళ్లబెడుతుంది. పైకి పాలిష్ తళతళలాడుతున్నా మొదలు పుచ్చి ఉండవచ్చు గనుక, పునరుద్ధరణకు పూనుకున్నవారు ముందుగా పలకలు విప్పి, పుచ్చిన భాగం మేరకే కోసి, కొత్త టేకును ఏటవాలు అతుకుతో కలుపుతారు. స్తంభం మొత్తాన్నీ మార్చితే పాత పెట్టెలో పాతదనం మిగలదు.

ఇంత శ్రమకు నోచుకున్నవి ఎక్కువగా రాజుల పెట్టెలే. 1977లో ఢిల్లీలో వెలసిన జాతీయ రైలు మ్యూజియం 1875 నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ సెలూన్‌ను, 1899 నాటి మైసూరు మహారాజు సెలూన్‌ను కాపాడింది. జనం కిక్కిరిసి ప్రయాణించిన మూడో తరగతి పెట్టెకు అటువంటి ఆదరణ దక్కలేదు. పెరంబూరు కర్మాగారం 1955 నుంచి పూర్తి లోహపు పెట్టెలు తయారు చేయడంతో కర్ర గూళ్లు క్రమంగా తుక్కు కింద జమయ్యాయి. 1974లో మూడో తరగతి అన్న పేరే పోయింది. ఆవిరి యంత్రాన్ని స్టేషను ముందు దిమ్మె మీద నిలిపి ఏటేటా రంగు వేయిస్తే సరిపోతుందేమో గానీ, కర్ర పెట్టెకు నీడ లేకపోతే కొద్ది వానాకాలాలే ఆయుష్షు.

పాత పెట్టెను మళ్లీ పట్టాల మీద పరుగెత్తించాలంటే మరో చిక్కు కూడా ఉంది. పాత పెట్టెలకు గాలిని లాగేసి శూన్యంతో పనిచేసే వాక్యూమ్ బ్రేకులుండగా, నేటి రైళ్లు పీడన వాయువుతో పనిచేసే ఎయిర్ బ్రేకులవి. ఒకదాని గొట్టం మరొకదానికి తగిలించి నడపలేరు. 1951లో వేల్స్‌లోని టాలిలిన్ రైలుమార్గాన్ని స్వచ్ఛంద సేవకులు చేపట్టినప్పటి నుంచి ప్రపంచంలో వారసత్వ మార్గాలు పెరిగాయి: పాత పెట్టెకు పాత యంత్రమూ, తనదైన దారీ కావాలి. సాధారణ పెట్టెలు దొరికేది కూడా మ్యూజియాల్లో కాదు. ప్రయాణాల నుంచి తప్పించి, పట్టాల పనివారు బస చేయడానికి సైడింగుల్లో నిలిపిన క్యాంపు కోచ్‌ల మధ్యనే వాటిని వెతకవలసి ఉంటుంది.