ఊపిరితిత్తుల క్యాన్సర్ – యాంటీఆక్సిడెంట్ పరీక్షలు

ఊపిరితిత్తుల క్యాన్సర్ నివారణలో గాని, కీమోథెరపీ, ఇమ్యునోథెరపీలకు తోడుగా గాని విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ వంటి యాంటీఆక్సిడెంట్ మాత్రల ప్రభావాన్ని తేల్చే వైద్య పరిశోధనలను యాంటీఆక్సిడెంట్ పరీక్షలు అంటారు.

పండ్లు, కూరగాయలు ఎక్కువగా తినేవారిలో ఈ వ్యాధి తక్కువన్న పరిశీలనే వీటికి మూలం. ఫిన్లాండ్‌లో 1985–1993 మధ్య 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో రోజుకు 20 మి.గ్రా. బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఈ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో 18,314 మందిపై బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి చేసిన పరీక్షలో పెరుగుదల 28 శాతం. దాన్ని 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపివేశారు.

చికిత్సతో కలిపి చేసిన పరీక్షల్లో 2005లో వెలువడిన ఢిల్లీ ఎయిమ్స్ అధ్యయనం ముఖ్యమైనది. ముదిరిన వ్యాధి ఉన్న 136 మందికి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమోథెరపీ మందులు ఇచ్చారు. వారిలో 64 మందికి అదనంగా రోజుకు 6,100 మి.గ్రా. విటమిన్ సి, 1,050 మి.గ్రా. విటమిన్ ఇ, 60 మి.గ్రా. బీటా కెరోటిన్ అందించారు. కణితి తగ్గడంలోను, ఆయుష్షులోను చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

యాంటీఆక్సిడెంట్ల వల్ల ఆక్సీకరణ ఒత్తిడి తగ్గితే ఆరోగ్యకర కణాలతోపాటు క్యాన్సర్ కణాలకూ రక్షణ దొరికే అవకాశముంది. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, విటమిన్ ఇ ఎలుకల్లో ఊపిరితిత్తుల కణితులను వేగంగా పెంచుతాయని చూపారు. ఇందుకు భిన్నంగా, విటమిన్ ఇ డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలను చురుకుపరచి ఇమ్యునోథెరపీకి తోడ్పడుతుందని 2022లో ఎలుకలపై జరిపిన మరో అధ్యయనం సూచించింది.

పొగతాగేవారు క్యాన్సర్ నివారణకు బీటా కెరోటిన్ మాత్రలు వాడరాదన్నది నేడు స్థిరపడిన వైద్య సూచన.