యతి: ఆగడమా? కలవడమా?

ఛందస్సు ప్రసక్తి వచ్చినప్పుడల్లా యతిని కవి కాళ్ళకు వేసిన సంకెలగా తీసిపారేయడం పరిపాటి అయింది. ఆ నింద ఎంతవరకు సబబో తేల్చాలంటే, ముందుగా ఆ మాట నడిచివచ్చిన దారిని చూడాలని నాకనిపిస్తుంది.

సంస్కృత ఛందశ్శాస్త్రంలో యతి అంటే విచ్ఛేదం, అంటే పాదం నడుమ గొంతు ఆగే చోటు. సాధారణంగా మాట అక్కడికి ముగియాలి. శార్దూలవిక్రీడితంలో పాదానికి 19 అక్షరాలు, 12వ అక్షరం తరువాత విరామం. మాలినిలో 15 అక్షరాలు, 8వ దాని తరువాత. స్రగ్ధరలో 21 అక్షరాలు, 7, 14 అక్షరాల తరువాత.

తెలుగులో యతి అర్థం వేరు. పాదంలోని మొదటి అక్షరానికి, నియత స్థానంలో ఉన్న అక్షరానికి మైత్రి కుదరాలి. దీనికే వళి అని మరో పేరు. హల్లుతో హల్లూ, అచ్చుతో అచ్చూ కలవాలి. 'కా'కు 'గై' చెల్లుతుంది, 'కీ' చెల్లదు. మరి ఆ స్థానాలేవి? శార్దూలంలో 13, మాలినిలో 9, స్రగ్ధరలో 8, 15. సంస్కృతకవి ఎక్కడ ఆగి మళ్ళీ ఎత్తుకుంటాడో, సరిగ్గా అక్కడే తెలుగుకవి పాదం మొదటి అక్షరాన్ని గుర్తుచేస్తున్నాడన్నమాట. ఆగడం తప్పనిసరి కాకుండా పోయింది. మాట ఆ చోటు దాటి సాగిపోవచ్చు. కానీ ఆగిన చోటు గుర్తు మాత్రం చెవికి మిగిలింది. అందుకే పేరు మారలేదని నా అభిప్రాయం.

అయితే ఈ మైత్రి సంస్కృత వృత్తాల కోసం పుట్టిందని అనుకోవడానికి వీల్లేదు. 11వ శతాబ్దికి చెందిన నన్నయకు ముందే, 9వ శతాబ్ది నాటి పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ కనిపిస్తుంది. అది అచ్చమైన దేశి ఛందస్సు. తరువోజ పాదంలో 3, 5, 7 గణాల తొలి అక్షరాలు పాదం తొలి అక్షరంతో కలవాలి. నాలుగు పాదాలకూ కలిపి 12 చోట్ల యతి, పైగా ప్రాస. పొరుగున కన్నడంలో ప్రాస నియతమే గాని ఈ అక్షరమైత్రి నియమం లేదు. రెండింటినీ పట్టుకున్నది తెలుగే.

ఇందువల్ల ఒరిగిన మేలు తాళపత్రాల దగ్గర తెలుస్తుంది. లేఖకులు పద్యాన్ని పాదాలుగా విడగొట్టకుండా వచనంలా బారుగా వ్రాసుకుపోయేవారు. పాదం ఎక్కడ మొదలవుతుందో ప్రాస చెబుతుంది. నడుమ మాట చెడితే యతి పట్టిస్తుంది. 'క'తో మొదలైన పాదంలో యతిస్థానాన 'ప' కనబడితే పరిష్కర్త ఆగి అనుమానించాలి. రెండు ప్రతులలో రెండు పాఠాలుంటే, మైత్రి కుదిరిన పాఠానికి బలం ఎక్కువ. సంధి జరిగిన చోట లోపల దాగిన అచ్చుతో యతి చెల్లే సందర్భాలున్నాయి గనుక వ్యాకరణం తెలియనివాడు ఒప్పును కూడా దిద్ది చెడగొట్టే ప్రమాదం లేకపోలేదు. అదే అక్షరంతో మొదలయ్యే పర్యాయపదాన్ని లేఖకుడు చేర్చితే యతి కూడా ఏమీ చేయలేదు.

యతి విడిచి వ్రాయడం నేటి కవి స్వేచ్ఛ. దానితో నాకు పేచీ లేదు. నా బాధ చదువరుల గురించే. యతి తెలియని చేతుల్లో పాత పద్యం పునర్ముద్రణ పొందితే, తప్పు దొర్లినా దొర్లినట్టు తెలియదు. ఆ తప్పే రేపటికి పాఠమై కూర్చుంటుంది. ఇంట్లో ఉన్న ఏ శతకంలోనైనా ఒక శార్దూలాన్ని తీసి, ప్రతి పాదంలో 13వ అక్షరం దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. సంకెలో, కాపలాయో మీకే తెలుస్తుంది.